యాపు బ్యాంకులును ప్రజల పొదుపును

ప్రజల మిగులు సొమ్ము ఎవరి చేతిలో నున్నదను ప్రశ్న ఏ కాలమునందును అల్పమైనది కాదు. పూర్వము మిగులు ధాన్యము పాతరలోను, మిగులు రొక్కము ఇంటి పెట్టెలోనో ఊరి షావుకారు కొట్టులోనో నుండెడిది. పిమ్మట అది పోస్టాఫీసునకును బ్యాంకునకును చేరెను. నేడు చేతిఫోనులోని యాపునకు చేరుచున్నది. గుంటూరు యార్డులో మిరపకాయలమ్మిన రైతు ఇల్లు చేరకముందే సొమ్ము జమయైనట్లు ఫోను చెప్పుచున్నది. ఉద్యోగికి జీతము, ముదుసలికి పింఛను, విదేశమందున్న కొడుకు పంపిన పైకము, అన్నియు తెరమీది అంకెలుగానే కనబడుచున్నవి. ఆ అంకెల వెనుక రొక్కమెక్కడ నున్నది, దానిని తిరిగి ఇయ్యవలసిన బాధ్యత ఎవరిది, వారు ఇయ్యలేకపోయినచో పూచీదారెవరు అను మూడు ప్రశ్నలను మాత్రము అడుగువారు తక్కువగా నున్నారు.

యాపులో దాచిన పొదుపు భద్రమేనా యని పట్టణములలోను పల్లెలలోను వినబడుచున్న ప్రశ్నకు రెండు తొందరపాటు సమాధానములు ప్రచారములో నున్నవి. కొత్తదంతయు మోసమే యనువారు కొందఱు. ప్రభుత్వము చూచుచునే యున్నది గదా, భయమేల యనువారు మఱికొందఱు. ఈ రెండు సమాధానములును విచారణ చేయు శ్రమను తప్పించుకొనుటకు పనికివచ్చునవే. మా అభిప్రాయములో సొమ్ము భద్రత యాపు వెనుక నున్న సంస్థను బట్టియు, ఆ సంస్థను బంధించు శాసనమును బట్టియు నుండును. ఈ సంగతి స్పష్టముగా తెలియని కారణముననే ఇటీవలి సంవత్సరములలో మన దేశమునను అమెరికాలోను లక్షలాది జనులు కలవరపడిరి. కొందఱు నిజముగా నష్టపోయిరి.

యాపు వేఱు, బ్యాంకు వేఱు

యాపు అను ఒక్క పేరుతో జనులు నాలుగు విధములైన ఏర్పాట్లను పిలుచుచున్నారు. వానిని విడదీసి చూచినగాని విషయము తేలదు.

మొదటిది, రిజర్వు బ్యాంకు లైసెన్సు పొందిన బ్యాంకు యొక్క సొంత యాపు. స్టేటు బ్యాంకు యాపైనను, మఱియొక ప్రైవేటు బ్యాంకు యాపైనను అది ఆ బ్యాంకునకు ఇంకొక ద్వారము మాత్రమే. శాఖకు పోయి చీటి వ్రాసియిచ్చి వేసిన డిపాజిట్టునకును, యాపులో వ్రేలితో నొక్కి వేసిన డిపాజిట్టునకును శాసనదృష్టిలో భేదము లేదు.

రెండవది, చెల్లింపులను మోయు యాపు. 2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ యూపీఐ విధానమును ప్రారంభించిన పిమ్మట ఫోన్‌పే, గూగుల్ పే మొదలగునవి కూరగాయల బండివఱకు వ్యాపించినవి. యూపీఐ ద్వారా పంపిన పైకము ఒకరి బ్యాంకు ఖాతానుండి మఱియొకరి బ్యాంకు ఖాతాకు పోవును. నడుమ యాపు దానిని నిలువచేయదు. మనియార్డరు తెచ్చి యిచ్చిన టపా బంట్రోతు ఇంట పోస్టాఫీసు ఖజానా యుండదు గదా! అట్లే చెల్లింపు యాపులోను మన ఖజానా లేదు.

మూడవది వ్యాలెట్టు. ఇందు ముందుగా సొమ్ము పోసి పిదప కొద్దికొద్దిగా ఖర్చు చేయుదుము. ఇది బ్యాంకు డిపాజిట్టు కాదు. దీనిమీద వడ్డీ రాదు. డిపాజిట్టు బీమా దీనికి వర్తింపదు. బ్యాంకు కాని కంపెనీ వ్యాలెట్టు నడపునప్పుడు ఆ సొమ్మును ఒక బ్యాంకులో ప్రత్యేక ఖాతాయందు విడిగా నుంచవలెనని రిజర్వు బ్యాంకు నిబంధన. సంత ఖర్చునకు జేబులో నుంచుకొను చిల్లర వంటిదిగా దీనిని చూడవలెనుగాని, ఏడాది పొదుపును ఇందు పెట్టరాదు.

నాలుగవది, బ్యాంకువలె కనబడు కంపెనీ. దీనినే నియోబ్యాంకు అనుచున్నారు. శాఖలు లేక కేవలము యాపుతోనే నడచు బ్యాంకులకు ప్రత్యేకమైన లైసెన్సులు ఇయ్యవచ్చునని 2022లో నీతి ఆయోగ్ ప్రతిపాదించెను గాని, అంతటితో అట్టి బ్యాంకులు మన దేశమున పుట్టలేదు. కావున ఈ కంపెనీలు లైసెన్సుగల ఏదో యొక బ్యాంకుతో ఒడంబడిక చేసికొని, ఖాతాను ఆ బ్యాంకులో తెఱిపించి, తెరమీద మాత్రము తమ పేరును, తమ రంగును చూపుచుండును. ఖాతా ఆ బ్యాంకు పుస్తకములలో ఖాతాదారు పేరనే యున్నచో, కంపెనీ మూతబడినను సొమ్ము బ్యాంకునుండి తీసికొనవచ్చును. అట్లుగాక పదివేలమంది సొమ్ము ఒకే ఉమ్మడి ఖాతాలో నుండి, ఎవరి వంతెంతయో కంపెనీ ఆవర్జాలో మాత్రమే వ్రాయబడియున్నచో ప్రమాదము మొదలైనట్లే. ఆ ప్రమాదమెట్టిదో ముందు చెప్పెదము.

యాపుతో నడచినంతమాత్రాన బ్యాంకు బలహీనమని తలంపనక్కఱలేదు. బ్రిటనులో మోంజో, స్టార్లింగు వంటివి శాఖలు లేకయే పూర్తి లైసెన్సుతో నడచుచున్నవి. 2025 డిసెంబరు 1 నుండి అచ్చటి డిపాజిట్టు రక్షణ పరిమితి 85,000 పౌనులనుండి 1,20,000 పౌనులకు పెరిగినది. ఆ రక్షణ శాఖలున్న బ్యాంకునకును శాఖలు లేని బ్యాంకునకును ఒక్కటే. శాసనము బ్యాంకును గుర్తించునేగాని దాని గోడలను గుర్తింపదు.

ఆర్బత్‌నాటు నేర్పిన పాఠము

పేరును చూచి సొమ్మిచ్చి, పేరు వెనుక నున్నదానిని విచారింపక చెడుట మనకు కొత్త యనుభవము కాదు. 1906 అక్టోబరు 22న మద్రాసులో ఆర్బత్‌నాటు కంపెనీ చెల్లింపులు నిలిపివేసెను. ఆనాడు దానికున్న ప్రతిష్ఠ సామాన్యమైనది కాదు. యజమాని సర్ బిరుదాంకితుడు. ఆ భవనము మెట్లెక్కిన వారికి తెల్లదొర దర్శనమే చాలిన పూచీగా తోచెడిది. వడ్డీ ఎక్కువ వచ్చునను నాసతో భూస్వాములు, వకీళ్లు, పింఛనుదారులు, వితంతువులు తమ సర్వస్వమును అందుంచిరి. సొమ్ము మద్రాసులో నున్నదని వారు తలచుచుండగా, లండనులోని అనుబంధ సంస్థ దానిని సట్టా వ్యాపారములలో పోగొట్టినది. ఆర్బత్‌నాటు దొరకు పదునెనిమిది మాసముల కఠినశిక్ష పడెను. ఆ శిక్షవలన ఒక్క వితంతువు సొమ్మైనను తిరిగి రాలేదు.

ఆ దెబ్బ ఫలితముగనే వి. కృష్ణస్వామి అయ్యరు ప్రభృతుల కృషిచే 1907లో మద్రాసున ఇండియన్ బ్యాంకు వెలసెను. 1923లో డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరులో ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. దేశీయుల పొదుపు దేశీయుల అజమాయిషీలో నుండవలెననుట ఆ కాలపు స్వదేశోద్యమములో ఒక ముఖ్యభాగము. 2020 ఏప్రిలు 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో లీనమైనది. ఆంధ్రుల హృదయములలో ఆ పేరు పోయిన బాధ నిలిచియున్నది. కాని పేరు పోయినను డిపాజిట్లు పోలేదు. అన్నియు యూనియన్ బ్యాంకు బాధ్యతలైనవి. ఆర్బత్‌నాటునందు పేరు నిలిచియుండగనే సొమ్ము పోయినది. ఆంధ్రా బ్యాంకునందు పేరు పోయినను సొమ్ము నిలిచినది. యాపు పేరు చూచి నమ్మువారు ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి ఆలోచింపవలెను.

అయిదు లక్షల బీమా

1960లో కేరళమందలి పాలై సెంట్రల్ బ్యాంకు కూలిపోయిన పిమ్మట ప్రభుత్వము మేల్కొని 1961లో డిపాజిట్టు బీమా శాసనమును చేసినది. 1962 జనవరి 1 నుండి బీమా అమలులోనికి వచ్చెను. మొదట మనిషికి 1,500 రూపాయలవఱకే పూచీ. 1980లో అది 30,000 రూపాయలును, 1993లో లక్ష రూపాయలును అయినది. పిదప దాదాపు ఇరువదియేడు సంవత్సరములు అక్కడనే నిలిచిపోయి, 2020 ఫిబ్రవరి 4 నుండి 5 లక్షలకు పెరిగినది. దీనికి ప్రీమియమును బ్యాంకు చెల్లించును, డిపాజిటుదారు చెల్లింపనక్కఱలేదు. వాణిజ్య బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు, స్మాల్ ఫైనాన్సు బ్యాంకులు, పేమెంట్సు బ్యాంకులు, సహకార బ్యాంకులు దీని క్రిందికి వచ్చును.

ఈ బీమానుగూర్చి మూడు సంగతులను భూస్వాములును పట్టణవాసులును ముఖ్యముగా నెఱుగవలెను. మొదటిది, 5 లక్షలనగా ఒక మనిషికి ఒక బ్యాంకులో నున్న మొత్తము. పది శాఖలలో పది ఖాతాలున్నను కలిపియే లెక్కింతురు. రెండవది, ఆ మొత్తములో అసలును వడ్డీయు చేరియుండును. సరిగా 5 లక్షలు డిపాజిట్టు చేసినవాని వడ్డీకి రక్షణ లేదన్నమాట. మూడవది, గ్రామములలోని ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘములకు ఈ బీమా వర్తింపదు. సంఘము మనదే, అధ్యక్షుడు మన ఊరివాడే యను ధీమాతో అందు డిపాజిట్టు వేయువారు ఈ సంగతిని మఱవరాదు. చిట్టీ కంపెనీలకును, ఎక్కువ వడ్డీ ఆశచూపు ప్రైవేటు సంస్థలకును ఇది వర్తింపదని వేఱుగా చెప్పనేల?

2024 మార్చి నాటి లెక్కల ప్రకారము దేశములోని డిపాజిట్టు ఖాతాలలో నూటికి 97కు పైగా పూర్తిరక్షణలో నున్నవి. కాని రూపాయల లెక్కన చూచినచో రక్షణ పొందినది నూటికి సుమారు 43 మాత్రమే. చిన్న ఖాతాదారునకు బీమా చక్కని కవచమే. భూమి అమ్మిన 40 లక్షలను ఒకే బ్యాంకులో నుంచిన రైతునకు మాత్రము 35 లక్షలకు కవచము లేదు. పెద్ద వాణిజ్య బ్యాంకులు కష్టములో పడినప్పుడు వానిని మఱియొక బ్యాంకులో కలుపుటో, కొత్త మూలధనము సమకూర్చుటో చేసి డిపాజిటుదారులను కాపాడుట మన దేశములో ఆనవాయితీగా వచ్చుచున్నది. ఇది మెచ్చదగినదే. కాని ఆనవాయితీ హక్కు కాదు. హక్కు 5 లక్షలవఱకే.

ఇటుక గోడలున్న బ్యాంకులును కూలినవని జ్ఞాపకముంచుకొనవలెను. 2001లో సికిందరాబాదునందలి కృషి సహకార బ్యాంకు మూతపడుట జంటనగరముల మధ్యతరగతివారింకను మఱవలేదు. 2019 సెప్టెంబరు 23న బొంబాయిలోని పంజాబు మహారాష్ట్ర సహకార బ్యాంకుపై రిజర్వు బ్యాంకు ఆంక్షలు విధించినప్పుడు మొదట ఆఱు మాసములకు 1,000 రూపాయలు మాత్రమే తీసికొన ననుమతించిరి. ఆ బ్యాంకు పెట్టుబడిలో చాలభాగమును ఒకే గృహనిర్మాణ సంస్థకు అప్పిచ్చి దాచిపెట్టినది. అప్పటి శాసనము ప్రకారము బ్యాంకు లైసెన్సు రద్దయినగాని బీమా సొమ్ము వచ్చెడిది కాదు. ఆ యవస్థను చూచిన పిదప 2021లో శాసనమును సవరించి, ఆంక్షలు విధించిన 90 దినములలో బీమా సొమ్ము చెల్లింపవలెనని నిర్ణయించిరి. ఆ బ్యాంకు 2022 జనవరిలో యూనిటీ స్మాల్ ఫైనాన్సు బ్యాంకులో కలిసినది. బీమాను మించిన పెద్ద మొత్తములు గలవారు మాత్రము శేషముకొఱకు పదేండ్లవఱకు వేచియుండవలసి వచ్చినది.

మూడు సంఘటనలు

ఇక యాపుల విషయమునకు వత్తము. మూడు సంఘటనలు మూడు వేర్వేఱు ప్రమాదములను చూపుచున్నవి.

2020 మార్చి 5న యస్ బ్యాంకుపై మారటోరియము విధించి, ఖాతాదారులు 50,000 రూపాయలకు మించి తీసికొనరాదని నిర్ణయించిరి. ఆ రాత్రియే ఫోన్‌పే యాపు స్తంభించినది. ఏలయన దాని యూపీఐ వ్యవహారములు యస్ బ్యాంకు ద్వారా నడచుచుండెను. యస్ బ్యాంకులో ఒక్క రూపాయియు లేని జనులు సైతము ఆ యాపుతో చెల్లింపులు చేయలేకపోయిరి. ఆ యాపు మఱియొక బ్యాంకుతో ఏర్పాటు చేసికొని మరల నడచినది. మారటోరియమును మార్చి 18న ఎత్తివేసిరి. చెల్లింపు యాపు వాడిన అన్యబ్యాంకుల ఖాతాదారుల సొమ్ము చెక్కుచెదరలేదు. సొమ్మునకు పోవు దారి మాత్రము మూతపడినది. జ్వరముతో నున్న బిడ్డకు మందు కొనబోయిన తండ్రికి ఆ రెండింటికిని ఆ రాత్రి గల తేడా యేమి? ఒకే దారిపై నాధారపడరాదనుట మొదటి పాఠము.

రెండవది పేటీయమ్ పేమెంట్సు బ్యాంకు. పేమెంట్సు బ్యాంకులు అప్పులీయరాదు. ఒక్కొక్క ఖాతాదారునినుండి 2 లక్షలకు మించి నిలువ యుంచుకొనరాదు. డిపాజిట్లలో కనీసము నూటికి 75 వంతులు స్వల్పకాలిక ప్రభుత్వ పత్రములలో నుంచవలెను. అప్పుల వలన మునుగు ప్రమాదము వీనికి తక్కువ. అయినను నిబంధనలను పదేపదే పాటింపలేదను కారణముచే రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో కొత్త ఖాతాదారులను చేర్చుకొనరాదని ఆ బ్యాంకును ఆదేశించెను. 2024 జనవరి 31న కొత్త డిపాజిట్ల స్వీకారమునే నిలిపివేయ నుత్తరువిచ్చి, గడువును మార్చి 15 వఱకు పొడిగించెను. ఉన్న నిలువలను తీసికొనుటకును, వాడుకొనుటకును ఏ యాటంకమును కల్పింపలేదు. ఆ పేరుగల యాపు మాత్రము మార్చి 14న స్టేటు బ్యాంకు మొదలగు నాలుగు బ్యాంకుల ద్వారా యూపీఐ నడపుట కనుమతి పొంది కొనసాగెను. బ్యాంకు ఆగినది, యాపు ఆగలేదు! ఈ రెండును వేర్వేఱని అంతవఱకు తెలియని దుకాణదారులు ఆ నెలన్నర రోజులు పడిన కలవర మింతంత కాదు. రిజర్వు బ్యాంకు కఠినముగా వ్యవహరించినదని కొందఱు నిష్ఠురమాడిరి. డిపాజిటుదారుల సొమ్ము భద్రముగా నుండగనే చర్య తీసికొనుట, సొమ్ము పోయిన పిమ్మట విచారణ సంఘము వేయుటకంటె వేయిరెట్లు మేలని మా నమ్మకము.

మూడవది అన్నింటికంటె గంభీరమైనది. అమెరికాలో యొట్టా మొదలగు కొన్ని యాపులు పొదుపు ఖాతాల నిచ్చుచు, తాము బ్యాంకులు కాకపోయినను, సొమ్ము బీమాగల బ్యాంకులోనే యుండునని ఖాతాదారులకు చెప్పుచుండెడివి. ఈ యాపులకును బ్యాంకులకును నడుమ సినాప్స్ అను మధ్యవర్తి కంపెనీ యుండెను. సొమ్ము మెంఫిస్‌లోని ఎవాల్వు బ్యాంకు మొదలగువానిలో ఉమ్మడి ఖాతాలుగా నుండెడిది. ఎవరి సొమ్మెంతయో తెలుపు చిట్టా సినాప్స్ చేతిలో నుండెను. 2024 ఏప్రిలులో సినాప్స్ దివాలా తీసినది. మే మాసములో ఖాతాలు స్తంభించినవి. లక్షమందికి పైగా జనులు తమ సొమ్మును తాము తాకలేకపోయిరి. న్యాయస్థానము నియమించిన ధర్మకర్త లెక్కలు చూచి, ఖాతాదారులకు రావలసిన మొత్తమునకును బ్యాంకులలో నున్న మొత్తమునకును నడుమ 6 కోట్ల 50 లక్షలనుండి 9 కోట్ల 60 లక్షల డాలర్లవఱకు లోటున్నదని తేల్చెను.

ఇందలి మర్మమును పాఠకులు గమనింపవలెను. అమెరికాలో డిపాజిట్టు బీమా మనిషికి బ్యాంకొక్కింటికి 2,50,000 డాలర్లవఱకు గలదు. కాని ఆ బీమా బ్యాంకు కూలినప్పుడే పనిచేయును. ఇచ్చట కూలినది బ్యాంకు కాదు, మధ్యవర్తి. బ్యాంకులు నిలిచియే యున్నవి గనుక బీమా సంస్థ చెల్లింపవలసినదేమియు లేకపోయినది. బీమా యున్నదను మాట అబద్ధము కాదు. ఆపదలో అది పనికిరాలేదు, అంతే. ఉమ్మడి ఖాతాలలో ఎవరి వంతెంతయో బ్యాంకులే నిత్యము లెక్క యుంచుకొనవలెనను నిబంధనను అచ్చటి బీమా సంస్థ 2024 సెప్టెంబరులో ప్రతిపాదించెను. గుఱ్ఱములు పోయిన పిమ్మట సాలకు తలుపు పెట్టుట యన నిదియే. అమెరికాలో ఉద్యోగములు చేయుచు, చదువుకొనుచు నున్న మన తెలుగు బిడ్డలు వేలకువేలు గలరు. సులభముగా ఖాతా దొరకునని యాపులను ఆశ్రయించువారు వారిలో నుండక మానరు. ఖాతా బ్యాంకు పుస్తకములలో తమ పేరనే యున్నదా యని వారు తప్పక విచారించుకొందురు గాక.

ఫోను తెచ్చిన వేగము బ్యాంకులనే పరీక్షకు గుఱిచేయుచున్నదని కూడ చెప్పవలెను. 2023 మార్చి 9న ఒక్క దినములో సిలికాను వ్యాలీ బ్యాంకునుండి ఖాతాదారులు 4,200 కోట్ల డాలర్లను తీయబూనిరి. మఱునాడా బ్యాంకు మూతపడినది. పూర్వము వదంతి పుట్టిన పిమ్మట జనులు వరుసలుకట్టి నిలువవలసియుండెను. ఆ వ్యవధిలో కొంత బుద్ధి కుదుటపడెడిది. నేడు వదంతియు ఫోనులోనే, సొమ్ము తీయుటయు ఫోనులోనే.

తాళపుచెవి ఎవరి చేతిలో నున్నది?

బ్యాంకు కూలుట అరుదు. తాళపుచెవి దొంగల చేతబడుట నిత్యకృత్యమైనది. నిజము చెప్పవలెనన్న నేటి సామాన్యునకు యాపువలన గల పెద్ద భయమిదియే. బ్యాంకు ఉద్యోగినని ఫోను చేసి రహస్యసంఖ్య నడుగువారు, పోలీసునని బెదరించి గదిలో నిర్బంధించినట్లు నమ్మించి ఖాతా ఖాళీచేయించువారు, బహుమతి వచ్చినదని పంపిన లంకె ద్వారా ఫోనునే తమ వశము చేసికొనువారు నానాటికి ప్రబలుచున్నారు. వీరి వలలో చదువురానివారు మాత్రమే పడుదురనుట భ్రమ. పదవీవిరమణ చేసిన ఉద్యోగులు, వైద్యులు, ఉపాధ్యాయులును పడుచున్నారు.

2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన యుత్తరువు ఇందు ఖాతాదారునకు కొంత అండ చూపినది. తప్పు బ్యాంకుదైనచో నష్టమంతయు బ్యాంకుదే. తప్పు ఇద్దఱిదియు కాక మూడవవాడు చొఱబడినచో, మూడు పనిదినములలో తెలిపిన ఖాతాదారునకు నష్టము లేదు. నాలుగునుండి ఏడు దినములలో తెలిపినచో బాధ్యత పరిమితము. ఖాతాదారే రహస్యసంఖ్యను చెప్పినచో మాత్రము, బ్యాంకునకు తెలుపువఱకు పోయినదంతయు అతనిదే. తెలిపిన పిమ్మట పోయినది బ్యాంకుది. తప్పెవరిదో రుజువు చేయు భారము బ్యాంకుపై మోపబడెను. కావున మోసము జరిగినదని తెలిసినతోడనే, సిగ్గుపడి దాచుకొనక, బ్యాంకునకును 1930 అను ఫోను సంఖ్యకును తెలుపవలెను. గడియ గడియకు సొమ్ము ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు జాఱిపోవుచుండును. ఇంటి పరువు పోవునని ముదుసలులు కొడుకులకైనను చెప్పక ఊరకుండుటయే దొంగలకు పెద్ద సాయము.

కర్తవ్యము

ప్రభుత్వమును రిజర్వు బ్యాంకును మేము కోరునవి మూడు. ప్రతి యాపును తొలిపుటయందే, ఆయా ప్రాంతపు భాషలో, పెద్ద అక్షరములతో, సొమ్ము ఏ బ్యాంకులో ఎవరి పేర నుండునో, దానికి బీమా గలదో లేదో ప్రకటింపవలెను. సూది మొననంత అక్షరములతో ఇంగ్లీషులో నలువది పుటల షరతులు వ్రాసి అంగీకరించితినని నొక్కించుకొనుట సమ్మతి యనిపించుకొనదు. తెలుగువాని సొమ్ము తీసికొనుటకు తెలుగు వచ్చినప్పుడు, షరతులు చెప్పుటకు తెలుగు రాకపోవుటేమి? రెండవది, బీమా పరిమితిని మరల ఇరువదియేడేండ్లు మఱచిపోక, ధరలను బట్టి నియతకాలమున సవరించుచుండవలెను. మూడవది, యాపు వచ్చినదను నెపముతో పల్లెలలో శాఖలను తగ్గింపరాదు. ఆపద వచ్చినప్పుడు పోయి అడుగుటకు ఒక బల్లయు, దాని వెనుక జవాబు చెప్పు మనిషియు నుండుట ఖాతాదారుల హక్కు.

పాఠకులకు మా సలహా క్లుప్తమైనది. సంసారమునకు ఆధారమైన పొదుపును లైసెన్సుగల బ్యాంకులో మీ పేరనే యుంచుడు. మొత్తము 5 లక్షలను మించినచో రెండు మూడు బ్యాంకులలో పంచి యుంచుడు. కొంత పోస్టాఫీసులో నుంచుటయు మంచిదే, దానికి కేంద్రప్రభుత్వమే బాధ్యురాలు. దినవెచ్చములకు చెల్లింపు యాపును నిర్భయముగా వాడుకొనవచ్చును. కాని దానికి జతపఱచు ఖాతాలో పెద్దమొత్తముల నుంచక, చిన్న ఖాతానొకదానిని వేఱుగా నుంచుకొనుడు. యాపు పేరు చూచిన వెంటనే దాని వెనుక బ్యాంకు పేరడుగుడు. ఆ పేరు డిపాజిట్టు బీమా సంస్థవారి జాబితాలో నున్నదేమో చూడుడు. బ్యాంకుల వెబ్‌సైటు చిరునామాలు బ్యాంక్.ఇన్ అను మాటతో ముగియవలెనని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు 31 గడువుగా నిర్ణయించినది గనుక, వేఱు విధముగా ముగియు చిరునామాను శంకింపుడు. లోకమంతయు నూటికి ఆఱో ఏడో వడ్డీ ఇచ్చుచుండగా పన్నెండు ఇత్తుమనువానిని మర్యాదతోనే పంపివేయుడు. మీ ఫిర్యాదునకు బ్యాంకు ముప్పది దినములలో జవాబీయనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనుకు రుసుము లేకుండ వ్రాసికొనవచ్చును.

ప్రజల పొదుపు కేవలము ఆయా కుటుంబముల సొత్తు కాదు. పైరునకు నీరువలె దేశముయొక్క పరిశ్రమలకును వ్యవసాయమునకును అది మూలధనము. నమ్మకము చెడినచో జనులు మరల బంగారమును కొని గోడలలో దాతురు. దేశమునకు పెట్టుబడి కరవగును. కొత్త సాధనములను దూరమునుంచుమని మేము చెప్పము. రైతు ఎద్దును కొనునప్పుడు పండ్లు చూచును, నడక చూచును, అమ్మువాడెవడో విచారించును. తన యేడాది కష్టార్జితమును అప్పగించునప్పుడును ఆపాటి విచారణ చేయవలెను. ఆ విచారణకు కావలసిన సమాచారమును దాచకుండ ఇప్పించుట ప్రభుత్వముయొక్క విధి. ఇరువురును తమ తమ పనులను చేసినచో యాపు బ్యాంకులు దేశమునకు ఉపకారకములే యగునని మేము విశ్వసించుచున్నాము.